చర్బీ, కార్తూస్, చీలిన ఇత్తడి: 1857 మర్జ్‌కి ఒక తష్ఖీస్

1857లో సిపాయీలు ఎందుకు తిరగబడ్డారని అడిగితే మన ఇళ్లలో పదో తరగతి చదివే పిల్లలు ఒక్క వాక్యంలో జవాబు చెప్పేస్తారు. ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాల్ని నోటితో కొరకమన్నందుకు. పరీక్షలో ఆ వాక్యానికి మార్కులు పడతాయి, అక్కడితో పాఠం ఖతం.

పెద్దవాళ్ల దగ్గరికి వస్తే రెండు రకాల మాటలు వింటాను. "అంత పెద్ద బగావత్‌కి చెంచాడు చర్బీ కారణమా?" అని నవ్వేవాళ్లు ఒక రకం. "చర్బీ ఒట్టి బహానా, అసలు వజహ్‌లు వేరే" అని తేల్చేసేవాళ్లు రెండో రకం. మొదటివాళ్ల లెక్కలో సిపాయి ఒక జాహిల్, పుకారుకి ఊగిపోయిన అమాయకుడు. రెండోవాళ్ల లెక్కలో అతని దీన్, అతని పక్కవాడి ధరమ్ కేవలం సాకులు. ఈ రెండు మాటలూ సిపాయికి ఇన్‌సాఫ్ చెయ్యవని నా ఖయాల్.

హకీమ్ సాబ్ నబ్జ్ పట్టుకుని మర్జ్ ఏమిటో తేల్చడాన్ని తష్ఖీస్ అంటాం. పైకి కనిపించే జ్వరం వేరు, లోపలి మర్జ్ వేరు, రెండింటినీ కలిపిన వజహ్ వేరు. 1857ని కూడా అలాగే చూడాలి. అందుకు మొదట బందూకు నాలీ నబ్జ్ పట్టుకోవాలి. అసలు ఆ చర్బీ అక్కడికి ఎందుకు వచ్చిందో తెలియకుండా తారీఖ్ అర్థం కాదు.

మన నోట్లో ఉన్న లఫ్జులు

ముందు ఒక చిన్న సంగతి. తెలుగులో తుపాకి అంటాం. అది తుర్కీ లఫ్జు, ఫార్సీ మీదుగా దక్కనుకి వచ్చింది. ఫిరంగి అంటే ఫరంగీల ఆయుధం. తూటా, బందూకు, ఫౌజు, సిపాయి, హవల్దారు, జమేదారు, సుబేదారు, ఇవన్నీ మన ఉర్దూ, ఫార్సీల నుంచి తెలుగు ఇంట్లోకి వచ్చి స్థిరపడినవే. చుట్టాలుగా వచ్చి ఇంటివాళ్లయిపోయాయి.

దీనికి ఎదురు ప్రయాణం చేసిన లఫ్జు కూడా ఒకటుంది. 1857లో ఢిల్లీ జనం తిరగబడిన సిపాయీల్ని ఏమని పిలిచారో తెలుసా? తిలంగే. ఆ రోజుల ఉర్దూ రాతల్లో ఈ పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. తిలంగా అంటే తెలంగాణ వాడు, తెలుగు దేశం వాడు. కంపెనీ తొలినాళ్లలో మద్రాసు వైపు సిపాయీల్లో తెలుగువాళ్లు చాలామంది. 1756లో క్లైవ్ మద్రాసు నుంచి బెంగాల్‌కి ఫౌజు తీసుకుని వెళ్లినప్పుడు అక్కడి జనం ఆ ఎర్రకోటు వాళ్లని తిలంగాలు అన్నారు. తర్వాత ఆ ఎర్రకోటు తొడిగిన అవధ్ బ్రాహ్మణుడూ, రోహిల్‌ఖండ్ పఠానూ కూడా తిలంగాలే అయిపోయారు. కాబట్టి ఈ కహానీ ఎక్కడో ఉత్తరాదిది, మనకెందుకు అనడానికి లేదు. మన పేరే దాని మీద ఉంది.

నాలీకి వచ్చిన మర్జ్

1850ల వరకు కంపెనీ సిపాయి చేతిలో ఉన్నది బ్రౌన్ బెస్ రకం బందూకు. దాని నాలీ లోపల నున్నగా ఉంటుంది. గుండ్రటి సీసపు గోలీ నాలీ కన్నా కాస్త చిన్నది, వదులుగా జారిపోతుంది. నింపడం సులువు, కానీ గురి తక్కువ. 100 గజాలు దాటితే తగులుతుందో లేదో చెప్పలేం.

గురి పెరగాలంటే నాలీ లోపల మెలిక తిరిగిన గాడులు కొయ్యాలి. గోలీ ఆ గాడుల్ని పట్టుకుని బొంగరంలా తిరుగుతూ బయటికి వస్తే తిన్నగా పోతుంది. కానీ గాడుల్ని పట్టుకోవాలంటే గోలీ బిగుతుగా ఉండాలి. బిగుతుగా ఉంటే నాలీ మూతి నుంచి దించడం కష్టం. యుద్ధంలో సుత్తి పెట్టి కొట్టుకుంటూ కూర్చునే ఫుర్సత్ ఎవరికుంటుంది?

1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఈ చిక్కుకి ఒక జవాబు. 39 అంగుళాల నాలీ, 3 గాడులు, లోపలి వ్యాసం 0.577 అంగుళం, అంటే 14.66 మిల్లీమీటర్లు. గోలీ వ్యాసం 0.568 అంగుళం. రెండింటికీ తేడా మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా లేదు, మూడు వెంట్రుకల మందం అనుకోండి. గోలీ అడుగు భాగం బోలుగా ఉంటుంది. బారూదు పేలగానే ఆ అడుగు విచ్చుకుని గాడుల్ని పట్టుకుంటుంది. దిగేటప్పుడు వదులు, వెళ్లేటప్పుడు బిగుతు. వందల గజాల దూరం దాకా గురి కుదిరింది.

ఇక్కడే మర్జ్ మొదలైంది. నల్ల బారూదు పూర్తిగా కాలి పొగైపోదు. దాని బరువులో సగానికి పైగా గట్టి మష్టుగా మిగులుతుంది. కొంత పొగతో బయటికి పోయినా, మిగతాది నాలీ గోడలకి పట్టుకుంటుంది. పొడి ఎండలో అది పెంకులా గట్టిపడుతుంది. మూడు వెంట్రుకల సందులో ఆ పెంకు చేరితే తర్వాతి గోలీ దిగదు. పది, ఇరవై సార్లు పేల్చాక గజం కడ్డీతో ఎంత నెట్టినా మధ్యలో ఇరుక్కుంటుంది. అప్పుడా రైఫిలు చేతిలో కర్రతో సమానం.

దీనికి అప్పటి కారీగర్లు కనిపెట్టిన దవా చర్బీ. గోలీ చుట్టూ ఉన్న కాగితానికి జంతువు కొవ్వు, మైనం కలిపిన మిశ్రమం పూస్తే, ప్రతి గోలీ దిగుతూ పాత మష్టుని మెత్తబరుస్తుంది. నాలీ తనని తానే కడుక్కుంటుంది. ఇంగ్లండులో ఈ దవా బాగానే పనిచేసింది. కాబట్టి చర్బీ ఎవరి దీన్‌నీ చెడగొట్టడానికి కలిపింది కాదు, నాలీ కోసం కలిపింది. ఈ మాట మనం నిజాయితీగా ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక అసలు సవాల్ మిగిలే ఉంటుంది. ఆ నాలీ పట్టుకునే మనిషి గురించి ఎవరు ఆలోచించారు?

కార్తూస్ నోరు, సిపాయి నోరు

అప్పటి కార్తూస్ ఇత్తడిది కాదు, కాగితంది. ఒక పొట్లం అనుకోండి. ఒక కొసన సుమారు నాలుగున్నర గ్రాముల బారూదు, ఇంకో కొసన 34 గ్రాముల సీసపు గోలీ. సిపాయి బారూదు వైపు కొసని పళ్లతో కొరికి, బారూదుని నాలీలో పోసి, పొట్లాన్ని తిరగేసి, చర్బీ పూసిన కాగితంతో సహా గోలీని నాలీ మూతిలో పెట్టి, మిగతా కాగితం చింపేసి, గజం కడ్డీతో దించాలి. ఒక చెయ్యి బందూకు పట్టుకుని ఉంటుంది కాబట్టి రెండో చెయ్యి, పళ్లు తప్ప వేరే సాధనం లేదు.

కొరికేది బారూదు వైపు, చర్బీ ఉండేది గోలీ వైపు, నోటికి తగలదు కదా అని అఫ్సర్లు వాదించారు. కాగితం మీద ఆ వాదన సరే. మరి వేసవిలో? కొవ్వు ఎండకి కరుగుతుంది, కాగితంలోకి ఇంకుతుంది. సంచిలో పదుల కొద్దీ పొట్లాలు ఒకదానికొకటి రాసుకుంటాయి. చర్బీ అంటిన వేళ్లతోనే సిపాయి రోటీ తింటాడు. ముసల్మాన్‌కి పంది నజిస్. హిందువుకి ఆవు కొవ్వు నోట్లోకి పోతే బిరాదరీ నుంచి వెలి. ఇంటికి వెళితే పెళ్లాం నీళ్లివ్వదు, కూతురికి పెళ్లి కాదు. దీన్ ఒక్కటే కాదు, ఇల్లు, ఇజ్జత్ కూడా ఆ పొట్లం కొసన వేలాడుతున్నాయి.

మరి అందులో ఉన్నది ఏ చర్బీ? ఇక్కడ హుకూమత్ దగ్గర సరైన జవాబు లేదు. కలకత్తాలో కొవ్వు సరఫరా చేసే కాంట్రాక్టరుకి ఫలానా జంతువుదే కావాలన్న షరతు ఎవరూ పెట్టలేదు. ఎక్కడ చౌకగా దొరికితే అక్కడిది. అందులో అభ్యంతరకరమైన కొవ్వు లేకుండా ప్రత్యేకంగా జాగ్రత్త తీసుకోలేదని ఆయుధ శాఖ అధికారే ఒప్పుకున్నాడు. నలభై ఏళ్ల తర్వాత, 1897లో, లార్డ్ రాబర్ట్స్ తన జ్ఞాపకాల పుస్తకంలో ప్రభుత్వ కాగితాల పరిశోధనని ప్రస్తావిస్తూ సిపాయీల షక్‌కి ఆధారం ఉందని రాశాడు. ఆయన 1857లో ఇంగ్లీషు వాళ్ల వైపు నిలబడి పోరాడిన మనిషి. కాబట్టి పుకారు అనే మాటని ఇక వదిలెయ్యొచ్చు.

విన్నవాళ్లు, విననివాళ్లు

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ భాగం. ఈ మర్జ్‌ని ముందే పట్టుకున్న మనిషి ఒకడున్నాడు. 1853లో చర్బీ కార్తూస్‌ల మొదటి దఫా ఇంగ్లండు నుంచి వచ్చింది. ఇక్కడి ఎండకి చర్బీ తట్టుకుంటుందో లేదో చూడటానికి కొన్నింటిని సిపాయీల సంచుల్లో పెట్టి నెలల తరబడి తిప్పారు. అప్పటి బెంగాల్ ఫౌజు అడ్జుటెంట్ జనరల్ కర్నల్ టక్కర్ ఆ డిసెంబరులోనే మిలిటరీ బోర్డుకి ఖత్ రాశాడు. ఆ చర్బీ సిపాయీల జాత్‌కి, మజ్‌హబ్‌కి అభ్యంతరం లేనిదని తేలేవరకు దేశీ పలటన్‌లకి వీటిని ఇవ్వొద్దని ఆ ఖత్ సారాంశం. ఆ కాగితం బోర్డు దగ్గరే ఆగిపోయింది. చర్బీ ఎండకి తట్టుకుందా లేదా అని పరీక్షించారు. మనిషి తట్టుకుంటాడా అన్నది ఎవరి పరీక్షలోనూ లేదు.

1857 జనవరిలో దమ్‌దమ్ కార్ఖానాలో ఒక ఖలాసీ దాహమేసి ఒక బ్రాహ్మణ సిపాయిని లోటాతో నీళ్లడిగాడు. సిపాయి జాత్ పోతుందని ఇవ్వనన్నాడు. నీ జాత్ ఎన్నాళ్లుంటుందిలే, సాహెబ్‌లు ఆవు, పంది కొవ్వు కొరికిస్తున్నారుగా అని ఖలాసీ అన్నాడు. ఆ మాట ఛావనీ నుంచి ఛావనీకి పాకింది. దమ్‌దమ్‌లో కెప్టెన్ రైట్ పైకి రిపోర్టు పంపాడు. బారక్‌పూర్‌లో జనరల్ హియర్సీ, సిపాయీలు బజారు నుంచి తమకి నచ్చిన మిశ్రమం తెచ్చుకుని తామే పూసుకుంటారని సలహా ఇచ్చాడు. జనవరి ఆఖరుకి హుకుమ్ కూడా వచ్చింది, కార్తూస్‌లు చర్బీ లేకుండా ఇమ్మని. మేజర్ బాన్టీన్ ఇంకో అడుగు వేసి, పళ్లతో కొరకడం మాని వేళ్లతో చింపేలా కవాతు మార్చమన్నాడు. మార్చిలో అదీ మంజూరైంది.

అయితే ఇంత చేసినా మర్జ్ ఎందుకు తగ్గలేదు?

ఎందుకంటే అప్పటికి షక్ చర్బీ దాటిపోయింది. కొత్త కార్తూస్ కాగితం నిగనిగలాడుతోంది, అందులోనే ఏదో కలిపారు అన్నారు సిపాయీలు. హుకూమత్ ఆ కాగితాన్ని కలకత్తాలో కెమికల్ ఎగ్జామినర్ మెక్‌నమారాకి పంపింది. ఆయన పరీక్షించి కాగితంలో కొవ్వు లేదన్నాడు. కాగితం పాసైంది. ఎతబార్ ఫెయిలైంది. ఫిబ్రవరి 26న బహ్రంపూర్‌లో 19వ పలటన్ కార్తూస్ కాగితం మీద షక్‌తోనే తూటా టోపీలు తీసుకోనంది. పైగా అకస్మాత్తుగా కొరకొద్దు, చింపండి అంటే సిపాయికి ఏం అర్థమవుతుంది? నిన్నటిదాకా ఏదో ఉండబట్టే ఇవాళ మార్చారని. ఆలస్యంగా ఇచ్చిన సఫాయి ఇక్బాల్‌లా వినిపించింది.

ఏప్రిల్ 24న మేరఠ్‌లో కర్నల్ కార్మైకేల్ స్మిత్ 3వ లైట్ కావల్రీ నుంచి 90 మందిని నిలబెట్టి కార్తూస్‌లు తీసుకోమన్నాడు. అవి పాత రకానివే, కొత్త చర్బీవి కావు. వేళ్లతో చింపితే చాలన్నాడు. 85 మంది తీసుకోలేదు. వాళ్లలో హిందువులూ ఉన్నారు, ముసల్మాన్‌లూ ఉన్నారు. కోర్టు మార్షల్‌లో ఎక్కువమందికి 10 ఏళ్ల కఠిన శిక్ష పడింది. మే 9న ఫౌజు మొత్తం ముందు వర్దీలు విప్పించి కాళ్లకి బేడీలు వేశారు. మర్నాడు, మే 10 సాయంత్రం, మేరఠ్ అంటుకుంది.

గమనించండి. ఆ రోజు వాళ్ల ముందు ఉన్న కార్తూస్‌లో పంది కొవ్వు లేదు. అయినా బగావత్ వచ్చింది. మరి చర్బీ వజహ్ అవుతుందా, కాదా? దీనికి జవాబు నాకు తారీఖ్ కితాబుల్లో కన్నా ఒక లోహం కహానీలో బాగా దొరికింది.

గుర్రపు సాలల్లో చీలిన ఇత్తడి

కాగితం కార్తూస్ కాలం త్వరలోనే పోయింది. 1866లో ఇంగ్లీషు ఫౌజు స్నైడర్ రైఫిలుకి మారింది, దానితో ఇత్తడి రేకు చుట్టిన కార్తూస్ వచ్చింది. తర్వాత మార్టినీ-హెన్రీకి కూడా మొదట రేకు చుట్టినవే. అవి వేడెక్కిన నాలీ వెనక ఇరుక్కుపోయేవి. 1885 జనవరిలో సూడాన్‌లో అబూ క్లీ దగ్గర ఆ ఇరుక్కోవడమే ఇంగ్లీషు వాళ్ల ప్రాణాల మీదికి తెచ్చింది. అందుకని ఒకే ముక్క ఇత్తడిని సాగదీసి చేసే గట్టి ఖోఖాలకి మారారు. సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. ఖోఖా నోట్లో గోలీ పెట్టి, నోటిని నొక్కి బిగిస్తారు.

ఈ ఇత్తడికి హిందుస్తాన్‌లో ఒక వింత మర్జ్ పట్టుకుంది. బర్సాత్‌లో ఫౌజు కదలికలు తగ్గుతాయి కాబట్టి కార్తూస్‌లని పెట్టెల్లో సర్ది కొన్నిచోట్ల గుర్రపు సాలల్లో దాచేవాళ్లు. వానలు వెలిశాక తీసి చూస్తే ఖోఖాల నోళ్లు నిలువునా చీలి ఉండేవి. ఎవరూ కొట్టలేదు, పేల్చలేదు. పెట్టెలో పడుకుని ఉన్నచోటే పగిలాయి. సరిగ్గా గోలీని బిగించిన చోటే. మౌసమ్‌తో పాటు వచ్చే జబ్బు కాబట్టి ఇంగ్లీషులో దీనికి సీజన్ క్రాకింగ్ అనే పేరు నిలిచింది.

దీని తష్ఖీస్ 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు చేశారు. గుర్రాల మూత్రం నుంచి అమోనియా వాయువు లేస్తుంది. బర్సాత్ తేమలో అది ఇత్తడిని పట్టుకుంటుంది. కానీ అమోనియా ఒక్కటే ఇత్తడిని అలా చీల్చదు. ఇత్తడిని చల్లగా ఉండగానే సాగదీసి, నొక్కి, బిగించినప్పుడు లోపల ఒక తనావ్ మిగిలిపోతుంది. పైకి మెరుస్తూ ఉంటుంది, వేలితో మీటితే ఖంగున మోగుతుంది, లోపల మాత్రం నరాలు బిగుసుకుని ఉంటాయి. ఆ తనావ్ ఎక్కువగా ఉన్న చోట, అంటే నోటి దగ్గర, అమోనియా తగిలితే చీలిక పుడుతుంది. తనావ్ లేని ఇత్తడికి అమోనియా తగిలినా అలా చీలదు. తనావ్ ఉన్న ఇత్తడి, అమోనియా తగలకపోతే ఏళ్ల తరబడి అలాగే ఉండొచ్చు. రెండూ కలిస్తేనే చీలిక.

దవా కూడా చాలా సాదా. తయారీ పూర్తయ్యాక ఇత్తడిని సుమారు 250 నుంచి 300 డిగ్రీల వేడి దగ్గర కాసేపు ఉంచితే లోపలి తనావ్ సడలిపోతుంది. మన పెంబర్తి ఇత్తడి పనివాళ్లని అడగండి, రేకుని కొడుతూ కొడుతూ మధ్యలో ఆపి ఎందుకు కొలిమి సెగ చూపిస్తారో. కొట్టిన కొద్దీ ఇత్తడి బిర్రబిగుస్తుంది, సెగ చూపకుండా ఇంకా కొడితే పగులుతుంది. ఇప్పటికీ చాలా ఫౌజీ కార్తూస్‌ల నోటి దగ్గర నీలం, గోధుమ రంగు కలిసిన వలయం కనిపిస్తుంది. అది సెగ చూపించిన నిషాన్. పేల్చిన ఖోఖాని మళ్లీ నింపుకుని వాడే విదేశాల నిషానేబాజ్‌లు కూడా మొదట చూసేది దాని నోటినే. ప్రతి పేలుడుకీ నోరు సాగుతుంది, నింపేటప్పుడు మళ్లీ నొక్కుతారు. ఇలా కొన్నిసార్లు అయ్యాక అది బిరుసెక్కి చీలుతుంది.

తనావ్ ఎక్కడిది?

ఇప్పుడు 1857కి రండి. చర్బీ అమోనియా లాంటిది. అది నిజంగానే ఉంది, నిజంగానే తినేసింది. కానీ సిపాయి గుండెలో తనావ్ ముందే ఉంది. బెంగాల్ ఫౌజులో ఎక్కువమంది అవధ్, బిహార్ వాళ్లు. 1856 ఫిబ్రవరిలో కంపెనీ అవధ్‌ని మింగేసింది, నవాబ్ వాజిద్ అలీ షాని కలకత్తాకి పంపించేసింది. సిపాయి ఇంటికి చుట్టూ ఉన్న హుకూమత్ రాత్రికి రాత్రి మారిపోయింది. అదే ఏడాది కొత్తగా చేరేవాళ్లు సముద్రం దాటి ఎక్కడికైనా వెళ్లాలనే కానూన్ వచ్చింది. ఎంత ఈమాన్‌దారీగా నౌకరీ చేసినా సుబేదారు మీద నిన్నగాక మొన్న వచ్చిన కుర్ర సాహెబ్ ఉంటాడు. ఏళ్ల తరబడి సాగదీసి, నొక్కి, బిగించారు. చర్బీ సరిగ్గా నోటి దగ్గర తగిలింది.

మన దక్కను సంగతి చూస్తే ఈ తష్ఖీస్ ఇంకా ఖచ్చితంగా కుదురుతుంది. ఇక్కడ చీలికకి చర్బీ అవసరమే పడలేదు. 1853లో డల్హౌసీ, ఫౌజు ఖర్చు బాకీ పేరుతో నిజాం దగ్గర నుంచి బరార్ తీసుకున్నాడు. అది తనావ్. 1857 జూన్‌లో ఔరంగాబాద్‌లోని హైదరాబాద్ కంటింజెంట్ అశ్వదళం, మమ్మల్ని ఢిల్లీ బాద్‌షా మీదికి పంపుతారేమో అని కదలనంది. అక్కడ తగిలినది చర్బీ కాదు, బాద్‌షా మీద కత్తి ఎత్తమంటారన్న భయం. అటువైపు నుంచి హైదరాబాద్ చేరిన జమేదార్ చీదా ఖాన్‌ని సాలార్‌జంగ్ పట్టించి రెసిడెన్సీకి అప్పగించారు. జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల వెంట వందలాది మంది కోఠీలోని రెసిడెన్సీ మీదికి వెళ్లారు. పక్కనే ఉన్న అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ ఇళ్లలో మోహరించి రాత్రంతా కాల్చారు. మద్రాసు హార్స్ ఆర్టిలరీ ఫిరంగుల ముందు నిలవలేకపోయారు. తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడి, జైలు నుంచి తప్పించుకుని, 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర షహీద్ అయ్యారు. మౌల్వీ సాహెబ్‌ని కాలాపానీ పంపారు. ఆ రెసిడెన్సీ భవనంలోనే తర్వాత కోఠీ ఉమెన్స్ కాలేజీ నడిచింది, మన ఆడపిల్లలు ఎందరో అక్కడ చదువుకున్నారు.

లోహానికి దక్కిన తవజ్జో

బగావత్ అణిగాక హుకూమత్ ఏం నేర్చుకుంది? రైఫిలు విషయంలో చాలా నేర్చుకుంది. హిందుస్తాన్ ఎండలో 0.568 గోలీ దిగడం కష్టమని తేలింది కాబట్టి 1859లో దాన్ని 0.55 అంగుళానికి తగ్గించారు. చర్బీ పాళ్లు తగ్గించి తేనెటీగ మైనం పాళ్లు పెంచారు, ఎండకి కరగకుండా. ఆ మైనం ముందే వాడి ఉంటే ఎలా ఉండేదో అని ఎవరికైనా అనిపిస్తుంది.

తర్వాత కూడా ఇదే శ్రద్ధ. 1888లో వచ్చిన లీ-మెట్‌ఫోర్డ్ రైఫిలుకి 7 లోతు తక్కువ గాడులు, నల్ల బారూదు మష్టు పట్టకుండా. కొన్నేళ్లకే బారూదు బదులు కార్డైట్ వచ్చింది. అది మష్టు తక్కువ మిగిల్చినా చాలా వేడిగా మండుతుంది. ఆ మంటకి నాలీ గొంతు, అంటే కార్తూస్ నోరు ముగిసి గాడులు మొదలయ్యే చోటు, కరిగి అరగడం మొదలైంది. అరిగిన నాలీ పేల్చిన గోలీ సరిగా తిరగదు, ఒక్కోసారి అడ్డంగా వెళ్లి లక్ష్యం మీద పొడవాటి బెజ్జం చేస్తుంది. ఫౌజు మిస్త్రీలు ఉక్కు గేజుల్ని నాలీలోకి దించి అరుగుదల కొలిచేవాళ్లు. 1895కల్లా గాడుల్ని లోతు చేసి, 5కి తగ్గించి, లీ-ఎన్‌ఫీల్డ్ తెచ్చారు. 1901లో కార్డైట్‌లో నైట్రోగ్లిజరిన్‌ని 58 పాళ్ల నుంచి 30 పాళ్లకి దించారు, నాలీ తక్కువ అరగాలని. నాలీకి జారుడు కోసం అందులో 5 పాళ్లు వాజ్‌లీన్ కలిపారు. ఖనిజ నూనె నుంచి తీసినది, ఏ జంతువుదీ కాదు.

మనిషి విషయంలో ఏం నేర్చుకుంది? 1857 తర్వాత దేశీ సిపాయీల కోసం ఎన్‌ఫీల్డ్‌లోనే ఒక ప్రత్యేక రకం చేయించారు. పైకి అదే బందూకు. లోపల గాడులు లేవు, నాలీని 0.656 అంగుళానికి వెడల్పు చేసి నున్నగా తొలిచేశారు. దూరం కొట్టే తాకత్ పోయింది. గోరా సిపాయి చేతిలో రైఫిలు, మన సిపాయి చేతిలో దాని నకలు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు దేశీ పలటన్‌ల చేతికి ఒక తరం పాత రైఫిలే వచ్చేది. 1878లో ఆయుధాల చట్టంతో మామూలు జనం చేతిలోని బందూకులకి కూడా కళ్లెం వేశారు. ఇత్తడికి తనావ్ ఉందని తెలిస్తే సెగ చూపించి సడలించారు. మనిషికి తనావ్ ఉందని తెలిస్తే అతని చేతిలోని నాలీని తొలిచారు.

పిల్లలకి మనం నేర్పాల్సిన జవాబు కొంచెం పొడవే. చర్బీ అబద్ధం కాదు. సిపాయి షక్ జాహిలియత్ కాదు, అతని దీన్ బహానా కాదు. కానీ చర్బీ ఒక్కటే సల్తనత్‌ని చీల్చలేదు. ఏళ్ల తరబడి పేరుకున్న జుల్మ్, బేఇజ్జతీ లోపల బిగుసుకుని ఉంటే, ఆ చర్బీ అన్నిటికన్నా నాజూకైన చోట తగిలింది. 1853లోనే ఆ చోటు చూపించి జాగ్రత్త అన్న ఖత్‌ని ఎవరూ పైకి పంపలేదు. పరీక్షలో ఇంత రాస్తే మార్కులు తగ్గుతాయేమో. అయినా 85 మంది మేరఠ్ సిపాయీల గురించి, కోఠీ దగ్గర పడిపోయినవాళ్ల గురించి రాసేటప్పుడు ఆ మాత్రం పొడవు వాళ్ల హక్కు.